ఇద్దరి గోలీలు ఒకే డబ్బాలో

పోయిన ఎండాకాలం నుంచి బతుకమ్మ పండుగ ముందు దాకా మా ఇంట్లో అన్నా నేనూ ఇద్దరం మాత్రలు మింగాం. జబ్బు మాత్రం ఒక్కరికే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అన్నీ రాసుకునే నా డైరీలో కూడా రాయలేదు. ఆ రోజుల్లో డైరీ తెరిస్తే వాన గురించో, చదువుతున్న పుస్తకం గురించో నాలుగు ముక్కలు రాసి మూసేసేదాన్ని. ఇప్పుడు అన్న ఒప్పుకున్నాడు కాబట్టి రాస్తున్నాను. "పేర్లు మార్చు. ఊర్లు మార్చకు. గీ ఊర్లల్ల గూడ మాసొంటోళ్లు ఉంటరని తెల్వాలె గద," అన్నాడు. పేర్లు మార్చాను.

మార్చి

దగ్గు అంతకు ముందే మొదలైంది. కోరుట్ల నుంచి జగిత్యాలకు డీఎస్సీ కోచింగ్‌కు పోయేదాన్ని. బస్సులో దగ్గితే పక్క సీటు ఖాళీ అయ్యేది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నోరు పెగలని నాకు ఆ ఖాళీ మొదట్లో హాయిగానే ఉండేది. తర్వాత సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, తెల్లారేసరికి దిండు చెమటతో తడవటం, మెట్లెక్కితే ఆయాసం. మా వీధి ఆర్‌ఎంపీ డాక్టరు సీసాల మీద సీసాలు తాగించి, చివరికి జగిత్యాల పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. అక్కడ టీబీ అని తేల్చారు. ఆరు నెలలు మాత్రలు వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానొద్దు అన్నారు.

అమ్మ బీడీలు చేస్తుంది. ఆ రోజు ఇంటికి రాగానే అలవాటుగా చాట ఒళ్లో పెట్టుకుంది కాని చేతులు కదలలేదు. "నా తంబాకు దుమ్మే నిన్ను గిట్ల జేసింది బిడ్డా," అని ఏడ్చింది. కాదమ్మా, ఇది ఎవరి నుంచో గాలికి అంటుకున్నది అని డాక్టరు చెప్పిందే నేనూ చెప్పాను. వినలేదు. మస్కట్‌లో ఉన్న బాపు ఫోన్‌లో, "బయట నిమ్ము అని చెప్పున్రి. రేపు పిల్ల పెండ్లికి అడ్డమొస్తది," అన్నాడు. అలా వీధిలో నాది నిమ్ము అయింది. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ నిమ్ముకు ఒక వైద్యం చెప్పి పోయేది. వెల్లుల్లి తిని తిని నా నోరు నాకే కంపు కొట్టింది.

అన్న వేణు నాకంటే మూడేళ్లు పెద్ద. సిరిసిల్లలో చీరల దుకాణంలో పనిచేస్తూ అక్కడే గది తీసుకుని ఉండేవాడు. నన్ను ఆసుపత్రికి తిప్పే మగమనిషి ఇంట్లో లేడని ఆ పని వదిలి వచ్చి, కోరుట్లలో ఒక బట్టల దుకాణంలో చేరాడు. శనివారం దుకాణం మూయగానే సిరిసిల్ల పోయి ఆదివారం సాయంత్రానికి వచ్చేవాడు. దోస్తులున్నరు అనేవాడు.

నా మందులు స్వీట్ల డబ్బాలో, ఫ్రిజ్ మీద. ఆశా కార్యకర్త అక్క వచ్చి అమ్మకూ అన్నకూ కూడా టీబీ అంటకుండా ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చింది. అవీ ఆ డబ్బాలోకే చేరాయి. పొద్దున్నే టిఫిన్‌కు ముందు అమ్మ అరుగు మీద ఆకు కత్తిరిస్తూ వీధంతా వినబడేలా కేకేసేది: "గోలీలు ఏసుకున్నరా?" నిమ్ముకు ఇన్ని గోలీలేమిటని వీధి ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏప్రిల్

మాత్రలు మొదట్లో కడుపును దేవేసేవి. మూత్రం నారింజ రంగులో వచ్చేది. భయపడొద్దని ముందే చెప్పారు, భయపడలేదు. కాని చూసిన ప్రతిసారీ ఈ ఒళ్లు నాది కాదేమో అనిపించేది. ఒక పొద్దున వాంతి వస్తుంటే పెరట్లోకి పరుగెత్తాను. అక్కడ అప్పటికే వేణు గోడకు చెయ్యి ఆనించి అదే పనిలో ఉన్నాడు.

"నువ్వెందుకు కక్కుతున్నవ్?"

"నీకు తోడు," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

అమ్మకు కూడా అవే ముందుజాగ్రత్త మాత్రలు. అమ్మ కక్కలేదు. అదే మాట రెండు రోజుల తర్వాత జగిత్యాల బస్సులో అడిగాను. మాస్కు కట్టుకుంటే నాకు కొంచెం ధైర్యం వస్తుంది. వేణు కిటికీలోంచి చూస్తూ, ముందు సీటువాళ్లకు వినబడకుండా ఒక్కో మాటా పేర్చి చెప్పాడు. సిరిసిల్లలో శేఖర్ ఉన్నాడు కదా, ఒక పండుగకు మా ఇంటికి వచ్చినవాడు, మరమగ్గాల మీద పనిచేస్తాడు. దోస్తు అని మేమనుకుంటున్నట్టు దోస్తు మాత్రమే కాదు. ఈ మధ్యనే శేఖర్‌కు హెచ్‌ఐవీ ఉందని తెలిసింది, మందులు మొదలుపెట్టాడు. వేణుకు లేదు. రాకుండా ఉండటానికి కరీంనగర్‌లో డాక్టరు రోజుకొక మాత్ర రాశాడు. శేఖర్ రక్తంలో ఆ వైరస్ అణిగిందని పరీక్షలో తేలేదాకా తప్పకుండా వేసుకోవాలి, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అన్నాడట. ఆ మాత్రల సీసా నా డబ్బాలోనే, అడుగున, దూది కింద ఉంది.

కిటికీ వైపు నుంచి ముఖం తిప్పకుండానే, "అసహ్యమైతుందా?" అన్నాడు.

"శేఖర్ సంగతి నాకు ఎర్కే."

"ఎట్ల?"

"ఎవరి ఫోనొచ్చినా అరుగు మీద కూసొనే మాట్లాడుతవు. సిరిసిల్ల ఫోనొస్తే మిద్దె ఎక్కుతవు."

నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. కండక్టర్ వచ్చి, "ఏందన్నా, టికెట్‌కు చిల్లర లేదని ఏడుస్తున్నవా?" అన్నాడు.

జూన్

ఇక్కడి నుంచి నాకు విసుగు మొదలైంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అమ్మ ముందుజాగ్రత్త మాత్రలు మూడు నెలలకు అయిపోయాయి. వేణువీ అయిపోవాలి. కాని అతను తన మాత్రకు కూడా అదే పేరు పెట్టేసుకున్నాడు. "డాక్టర్ నాకు ఇంకొన్ని దినాలు ఏసుకోమన్నడమ్మా, చెల్లె పక్కనే ఉంటున్న గద," అన్నాడు. అమ్మ ఎంత సులువుగా ఒప్పుకుందో. "ఏసుకో బిడ్డా, రోగం రాకముందే ఏసుకునుడే తెలివి," అంది. జబ్బు రాకముందే మందు వేసుకోవడం అనే సంగతి మా అమ్మకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏ జబ్బు అన్నదే చెప్పడానికి వీల్లేదు.

ఇంత సౌకర్యంగా దాచుకునే చోటు దొరికినా వేణు మానేసేవాడు. నేను మరిచిపోతే నాకు జ్వరం గుర్తుచేస్తుంది. అతనికి ఏ నొప్పీ లేదు. "నాకేం రోగమున్నదని రోజూ మింగాలె?" అనేవాడు. రోగం లేదు కాబట్టే మింగాలి అంటే, "నీ తెలివి నీ పుస్తకాలల్ల పెట్టుకో," అనేవాడు. దుకాణంలో కొత్త సరుకు దిగితే టిఫిన్ లేకుండా పరుగెత్తేవాడు, మాత్ర డబ్బాలోనే. సీసా కదిలితే గలగలమంటుందని దూది కుక్కి కుక్కి, తీయడానికే బద్ధకించేవాడు. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది శనివారాలు. ఎక్కడికి పోతున్నాడో అక్కడికే కదా ఆ మాత్ర అవసరం. అక్కడికి మాత్రం తీసుకుపోడు. బస్సులో సంచి ఎవరైనా తెరుస్తారని, శేఖర్ గదిలో ఉండే ఇంకో ఇద్దరు చూస్తారని.

ఒకసారి నేనే ఒక మాత్రను పేపరు ముక్కలో చుట్టి అతని చొక్కా జేబులో పెట్టాను. ఆ చొక్కా వేసుకోకుండా ఇంకోటి వేసుకుని పోయాడు. సోమవారం అమ్మ బట్టలు పిండుతూ, "ఈ సున్నం ఎక్కడిదిరా?" అని జేబు తిరగేసి చూపించింది. వేణు నన్ను చూశాడు. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను.

జులై

నెలనెలా కరీంనగర్ పోలేక ఒకసారి చీటీ పట్టుకుని జగిత్యాలలోనే ఒక మందుల దుకాణానికి పోయాడు. నేను కొంచెం దూరంలో ఆటో స్టాండు దగ్గర నిల్చున్నాను. దుకాణాయన చీటీ వెలుతురుకు పెట్టి చదివి, కౌంటర్ ముందు అంతమంది ఉండగా, "ఎయిడ్సుదా? ఎవలికి?" అన్నాడు. వేణు చీటీ లాక్కుని వచ్చేశాడు. కోరుట్లలో దిగాక, "నాకు జబ్బు లేదని జబ్బున్నోని కంటే ఎక్కువ సిగ్గువడాలె, గింతే కథ," అన్నాడు.

టీబీ మందు తీసుకునే కిటికీ దగ్గర నేను చున్నీతో ముఖం కప్పుకుంటాను. కాని నాకు ఇంట్లో అడిగే గొంతు ఉంది. పథ్యం వండే చెయ్యి ఉంది. మాత్ర మింగడానికి నోరూ నీళ్లూ ఉంటే చాలని ఎవరైనా అంటే ఆ నెలంతా నాకు కొట్టాలనిపించేది.

సెప్టెంబరు

నా చివరి మాత్ర అయిపోయింది. జగిత్యాలలో డాక్టరు రిపోర్టు చూసి, "అయిపోయిందమ్మా, ఇగ చదువుకో," అన్నాడు. బస్సులో పక్క సీటులో ఒకామె కూర్చుంది. లేవలేదు. ఇల్లు చేరేదాకా ఆమె భుజం నా భుజానికి తగులుతూనే ఉంది.

మా అమ్మకు ఒక పట్టింపు ఉంది. పెద్ద జబ్బు పోయాక దాని సామాను ఇంట్లో ఉండకూడదు, దిష్టి తీసి పారే నీళ్లలో వదలాలి. చిన్నప్పుడు నాకు కామెర్లు తగ్గినప్పుడూ మందు సీసాలు అట్లాగే వదిలింది. మరునాడు నాకు తలస్నానం చేయించి, పీట మీద కూర్చోబెట్టి, పాత చీర ముక్కలో ఏదో మూటకట్టి తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఉప్పూ మిరపకాయలూ అనుకున్నాను. తల ఆరబెట్టుకుంటూ ఎండలో కూర్చున్నాను. ఆమె ఆటో పిలిచి కాలువ దాకా పోయొచ్చింది.

సాయంత్రం వేణు వచ్చి ఫ్రిజ్ మీద చూసి, "డబ్బేదమ్మా?" అన్నాడు.

"కాలువల ఇడిచిన."

"అన్నీనా?"

"అన్నీ. చెల్లె రోగమే పోయినంక ఇగ నీకు ఏం అంటకుంట ఏసుకుంటవురా?"

అబద్ధం మాదే. అమ్మ దాన్ని చివరిదాకా సరిగ్గా నమ్మింది, అంతే. వేణు ఫ్రిజ్ మీది ఖాళీ చోటునే చూస్తూ నిల్చున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. వేణు కూడా, "ఇగ కాలువల చేపలకు ఏ రోగం రాదు," అని గొణిగాడు. అమ్మకు మా నవ్వు అర్థం కాలేదనే అనుకున్నాను.

అక్టోబరు

నవ్వు ఆ ఒక్క సాయంత్రమే. తర్వాత వారం దాటింది, ఇంకో వారం దాటింది. కొత్త సీసా రాలేదు. బతుకమ్మ పూలు, దుకాణంలో పండుగ గిరాకీ, ఏదో ఒకటి. శనివారాలు మాత్రం ఆగలేదు. శేఖర్ రక్తపరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు.

"రేపు కరీంనగర్ పోతా," అనేవాడు.

"నిన్న గూడ గదే అన్నవ్."

"పోతే మళ్ల టెస్టంటరు."

"చేయించుకో."

"ఏమన్న ఉన్నదంటే?"

"ఉంటే ఉంటది. తెల్వకుంటే లేకుంట పోతదా?" నా గొంతు నాకే కొత్తగా ఉంది. జీవితంలో ఎవరి మీదా అంత గట్టిగా అరవలేదు. వేణు నా వైపు తిరిగాడు.

"నీకు మంచిగైంది శైలా. పొద్దుగాల అమ్మ కేకేస్తలేదు. నిన్ను అడుగుతలేదు. నన్ను గూడ ఎవ్వలు అడుగుతలేరు."

ఆ వారమే తెలియని నంబరు నుంచి నాకు ఫోనొచ్చింది. తెలియని నంబర్లు నేను ఎత్తను. మూడోసారి మోగితే ఎత్తాను.

"చెల్లె, నేను శేఖర్‌ను." వెనక మగ్గాల మోతకు గట్టిగా మాట్లాడుతున్నాడు. "వాడు గోలీ ఏసుకుంటుండా?"

"లేదన్నా."

"నాకు ఏసుకుంటున్న అనే చెప్తుండు. గొంతుల తెలుస్తది గద." మగ్గానికి దూరం జరిగి, "నేను పొద్దుగాల మిషిను ఆన్ చేసే ముందే ఏసుకుంట. మర్చిపోతే సచ్చిపోతనని భయం. వానికి గా భయం లేదు. వాని రోగం గదే. టెస్టు చేయించుకొని గోలీ మొదలువెట్టేదాక సిరిసిల్ల దిక్కు రావద్దని చెప్పు. నేను చెప్తే ఇనడు," అన్నాడు.

చెప్పాను. శేఖర్ మాటగా కాదు, నా మాటగా. మరునాడు నేనే ముందు జగిత్యాల బస్సెక్కి కూర్చున్నాను. వేణు వెనక ఎక్కాడు.

జగిత్యాల ఆసుపత్రిలో ఆ రక్తపరీక్ష గది, నేను ఆరు నెలలు మాత్రలు తీసుకున్న కిటికీకి రెండు తలుపుల అవతలే. బెంచీ కూడా అదే, ఒక కాలు పొట్టిది. అందరి ఎదురుచూపూ ఒకేలా ఉంటుందని అక్కడ కూర్చున్నన్నాళ్లూ అనుకున్నాను. కాదు. టీబీ వాళ్లు దగ్గుతారు, ఒకరినొకరు ఊరు అడుగుతారు. ఆ తలుపు ముందు ఎవరూ ఎవరి ఊరూ అడగరు. వేణు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. అప్పుడే మా వీధి లక్ష్మి అత్త ఎవరినో చూడటానికి వచ్చి, మమ్మల్ని చూసి నిలబడిపోయింది. తలుపు మీది బోర్డు చూసింది. వేణును చూసింది.

"ఏందిరా వేణూ, గీడ కూసున్నవ్?"

నేను లేచి నిలబడ్డాను. "నాకే అత్తా," అన్నాను. "నాకు నిమ్ము కాదు, టీబీ అయ్యిండె. ఆ మందు కోసం అచ్చిన. అన్న తోడచ్చిండు."

అత్త ఒక అడుగు వెనక్కి వేసి, చీర కొంగు ముక్కుకు పెట్టుకుని, "అయ్యో, పైలం బిడ్డా," అంటూ పోయింది. సాయంత్రానికి వీధంతటికీ తెలుస్తుంది. బాపు ఇన్నాళ్లు కాపాడిన నా పెళ్లి ఆ కొంగుతోపాటే పోయిందనుకున్నాను. ఆశ్చర్యం, పెద్దగా బాధ అనిపించలేదు.

"ఎందుకు చెప్పినవ్?" అన్నాడు వేణు.

"నాది తగ్గిపోయింది గద. ఏమన్న అనుకోనీ."

లోపల సలహాలిచ్చే ఉద్యోగిని, నడివయసు ముస్లిం ఆమె, పేరు పెట్టి పిలవకుండా తలుపు దాకా వచ్చి వేణు భుజం తట్టింది. "ఆవ్ బేటా, లోపలికి రా." రక్తం తీశాక ఫలితం వచ్చేదాకా మాకు టీ తెప్పించింది. చీవాట్లు పెట్టలేదు. ఎన్ని వారాలు మానావని మాత్రం అడిగి, "అరె, కాలువల ఇడిచిందా మీ అమ్మ?" అని నవ్వు ఆపుకోలేక పైట అడ్డం పెట్టుకుంది. ఫలితంలో ఏమీ లేదు. కాని మధ్యలో మానేశాడు కాబట్టి ఇప్పుడే పూర్తిగా నమ్మకూడదట, కొన్ని వారాలాగి మళ్లీ రావాలి. ఈలోపు కరీంనగర్ డాక్టరుకు ఇది చూపించి, ఆయన చెప్పినట్టు మొదలుపెట్టమంది. ఈసారి సీసా కొనడానికి నేను కౌంటర్ దాకా కూడా పోయాను.

నవంబరు

ఆ వారాలు నా జబ్బు రోజుల కంటే పొడుగ్గా గడిచాయి. వేణుకు తుమ్ము వస్తే నేను ఉలిక్కిపడేదాన్ని. సీసాను ఈసారి నా పుస్తకాల వెనక దాచాం. పొద్దున్నే ఇదివరకు అమ్మ కేకేసే వేళకు నేనే మెల్లగా అడిగేదాన్ని. ఒక్కోరోజు, "అడిగింది సాలు, దిమాక్ తినకు," అని విసుక్కునేవాడు. విసుక్కున్నా మింగేవాడు. నేను ఎదురుగా నిలబడి చూస్తే గాని పక్కకు తప్పుకునేదాన్ని కాదు.

రెండో పరీక్షలోనూ ఏమీ లేదు. ఆ మేడం ఈసారి కూడా తలుపు దాకా వచ్చి చెప్పింది. వేణు ఆసుపత్రి గేటు బయట చెరుకు రసం బండి దగ్గర నిల్చుని, రెండు గ్లాసులు తాగి, శేఖర్‌కు ఫోన్ చేశాడు. ఈసారి మిద్దె ఎక్కే అవసరం లేదు, రోడ్డు మీదే మాట్లాడాడు. నేను పక్కకు తిరిగి నిల్చున్నాను.

సాయంత్రం వేణు దుకాణానికి పోయాడు. నేను ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. అమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"ఏమన్నరు?"

"మంచిగనే ఉన్నదన్నరమ్మా. నాకు ఇగ ఏం లేదు."

"నీది గాదు. వానిది."

నేను గడపలోనే నిలబడిపోయాను. అమ్మ దారం తెంపి బీడీ పక్కన పెట్టి, ఇంకో ఆకు తీసుకుంది.

"నా గోలీలు మూడు నెలలకే బంజేసిన్రు. వానియి ఆరు నెలలైనా అయిపోలే. నాయి రేకులల్ల ఉండె, వానిది సీసా. ఆకు పట్టుకుంటే ఏ అడవిదో చెప్పేదాన్ని, నాకు గోలీలు తెల్వవా?"

"మరి కాలువల ఎందుకు ఇడిచినవమ్మా?"

"అప్పుడు సోచాయించలే. వాని మొఖం చూసినంక ఎర్కైంది." ఆకులో తంబాకు పోసి, వేళ్లతో సర్దుతూ, "వానికి ఏం రోగం?" అంది.

"ఏం రోగం లేదు. రాకుంట ఏసుకుంటుండు. రెండుసార్లు టెస్టు చేసిన్రు. లేదు."

"ఎవలది రాకుంట?"

ఇన్ని నెలలు ఎవరికీ చెప్పనిది ఆ గడపలో నా నోట్లోనే ఉంది, బయటికి రాదు. అమ్మ నన్ను కాసేపు చూసింది. పండుగకు ఒకసారి వేణుతో వచ్చి, బగారన్నం తిని, తన కంచం తానే కడిగి పోయిన మనిషి ఆమెకు గుర్తొచ్చాడో, ముందు నుంచే తెలుసో, నాకు తెలియదు. బీడీ చివర మడిచి, దారం చుట్టి, గట్టిగా లాగింది.

"గా సిరిసిల్ల పిలగాడు మంచిగ ఏసుకుంటుండా మరి, రోజూ?"